పచ్చపట్టీ రాని నెల

ఆ ఆసుపత్రిలో అందరూ ఆమెను చార్టక్క అంటారు. అసలు పేరు జీతాల విభాగానికి మాత్రమే తెలుసు. వాళ్లకైనా కాగితం చూస్తేనే తెలుసు. ప్రధాన భవనం వెనక, బట్టలు ఉతికే గదిని ఆనుకుని, మెట్ల కింద ఆమె గది. కిటికీ ఉంది కానీ, తెరిస్తే లాండ్రీ ఆవిరి లోపలికి కొడుతుందని ఏనాడూ తెరవలేదు. ఒక బల్ల, కంప్యూటరు, ప్రింటరు, ల్యాండ్‌లైన్ ఫోను, రెండు కుర్చీలు. రెండో కుర్చీలో ఆమె చేతిసంచి కూర్చుంటుంది.

ఆమె పని నర్సులకు డ్యూటీ చార్టు తయారుచేయడం. ఆసుపత్రికి ఊరంతా శాఖలున్నాయి. ఎవరు పగలు, ఎవరు రాత్రి, ఎవరికి సెలవు అన్నది ప్రతి శాఖలోనూ నెలనెలా తేలాలి. ఒకప్పుడు హెడ్ నర్సులు స్కేలు పెట్టి గళ్లు గీసి చేత్తో రాసేవాళ్లు. అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో అన్నట్టు సాగేది వ్యవహారం. నచ్చినవాళ్లకు ఆదివారాలు, నచ్చనివాళ్లకు వరస రాత్రులు. చార్టు గోడకెక్కగానే ఏడుపులు, అలకలు, అర్జీలు. ఆ అర్జీలన్నీ వచ్చి పడేది అప్పట్లో రికార్డుల గుమాస్తాగా ఉన్న ఈమె బల్ల మీదే. చదివి చదివి విసుగెత్తి, ఎవరూ అడక్కుండానే, స్ప్రెడ్‌షీట్‌లో మాక్రో రాయడం నేర్చుకుంది.

మాక్రో అంటే బ్రహ్మవిద్య కాదు. మనిషి చేత్తో వరసగా చేసే పనిని కంప్యూటరుకు ఆ వరసలోనే చెప్పి పెట్టడం. హెడ్ నర్సు తన శాఖలో సెలవులు అడిగినవాళ్ల పేర్లు నింపి ఒక మీట నొక్కితే చాలు, నెల చార్టు పడిపోతుంది. రాత్రులు చేసినవాళ్లకు వెంటనే విశ్రాంతి. చంటిపిల్లల తల్లులకు వరస రాత్రులు ఉండవు. ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరు నర్సులు ఒకే షిఫ్టులో పడరు. ఈ చివరి నియమం ఏ ఉత్తర్వులోనూ లేదు. చార్టక్క తనంతట తాను కలిపింది. కొత్తగా ఎవరికైనా నెలలు నిండుతుంటేనో, ఎవరైనా కొత్తగా పోట్లాడుకుంటేనో నియమాలు మార్చి, ప్రతి నెలాఖరుకీ కొత్త ఫైలు అన్ని శాఖలకూ పంపేది.

ఒక చిక్కుంది. మాక్రో చెప్పినట్టు చేస్తుంది కానీ, చెప్పినవాడు మంచివాడో కాదో చూసుకోదు. దొంగ రాసిన మాక్రో దొంగపనే చేస్తుంది. అందుకని బయటినుంచి వచ్చిన ఫైల్లో మాక్రో కనబడగానే కంప్యూటరు దాన్ని ఆపేసి, పైన ఒక పసుపు పట్టీ పరిచి అడుగుతుంది, దీన్ని నడవనివ్వాలా అని. నమ్మితే పట్టీ మీద మీట నొక్కాలి. నమ్మకపోతే చార్టు లేదు.

ఆ పట్టీ మూలంగానే ఆమె గదిలో ఫోను మోగేది.

ఊరి అవతలి కొసన ఉన్న శాఖ నుంచి మొదటిసారి ఫోన్ వచ్చినప్పుడు చార్టక్క మర్యాదగా, ముక్తసరిగా మాట్లాడింది.

"చార్టు గదేనా? మీ ఫైలు తెరిచాను. ఉలకదు, పలకదు."

"పైన పచ్చపట్టీ వచ్చిందాండీ? దాని మీద నొక్కండి."

"నొక్కుతున్నా."

"చార్టు వచ్చిందా?"

"ఎక్కడ! నొక్కుతూనే ఉన్నానమ్మా, వేలు అరిగిపోతోంది."

"ఎక్కడ నొక్కుతున్నారు?"

"పచ్చగా ఉన్నచోటే. పైనంతా పచ్చగానే ఉంది కదా, గడ్డి మొలిచినట్టు."

ఆ ఫైలు తెరిస్తే పైభాగంలో ఎప్పుడూ ఒక ఆకుపచ్చ పట్టీ ఉంటుంది. దానికీ మాక్రోకీ ఏ సంబంధమూ లేదు. అవతలి హెడ్ నర్సు పాపం దాన్నే నొక్కుతోంది.

"అయ్యో, ఆకుపచ్చ కాదండీ. పసుపుపచ్చ!"

"ఆ ముక్క ముందే ఏడవచ్చు కదా! పచ్చ అంటే నేనేమనుకోను? ఆకూ పచ్చే, కామెర్ల రోగీ పచ్చే. కామెర్ల పచ్చ అని చెబితే నర్సుకి అర్థం కాదా?"

చార్టక్కకు నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకుంది, ఆగలేదు. అవతల కూడా నవ్వారు.

"మా ఆడపడుచు కూడా అచ్చం ఇంతే. సగం చెప్పి సగం మింగుతుంది. నిన్ను కూడా వదినా అనే పిలుస్తాను, పో."

అప్పటినుంచి ఇద్దరూ ఒకరికొకరు వదినలే. ఏళ్లు గడిచాయి. ఒకరినొకరు చూసుకోలేదు. ఆ శాఖకు వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి, మారాల్సినంత పని ఎప్పుడూ పడలేదు.

నెలాఖరు మధ్యాహ్నం, భోజనాల వేళ అయ్యాక, ఫోను మోగేది.

"వదినా, కామెర్లొచ్చాయి."

"నొక్కు మరి."

"నొక్కమంటే నొక్కుతానా? నమ్మమంటావా, వద్దా? ముందది తేల్చు."

"నీ ఇష్టం."

"ఇదిగో, ఈ నంగనాచి మాటలే వద్దు. నమ్మమను."

"నమ్ము తల్లీ, నమ్ము."

"ఆ. అట్లా అను. నొక్కాను."

వదినకు ఎక్కడ నొక్కాలో మొదటి నెలలోనే తెలిసిపోయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మిగతా శాఖల హెడ్ నర్సులు చెప్పకుండానే నొక్కి తమ పని చూసుకునేవాళ్లు. వదిన మాత్రం అడిగి గానీ నొక్కేది కాదు. నొక్కిన తర్వాత చార్టు పడేదాకా మాట్లాడేది, పడిన తర్వాత కూడా కాసేపు మాట్లాడేది. భర్త గురకను ఆపడానికి చేసిన ప్రయోగాలు, తన పాదాల వాపు, కొత్త నర్సుల వయ్యారాలు, మందులు మింగనని మొండికేసిన పెద్దాయనను దారికి తెచ్చిన వైనం. చార్టక్క వినేది ఎక్కువ, చెప్పేది తక్కువ. అయినా నెలంతా చెప్పాల్సినవి మనసులో పోగేసుకునేది. బస్సులో ఏదైనా వింత కనబడితే, ఇది వదినకు చెప్పాలి అని మడతపెట్టి దాచుకునేది. తీరా ఫోన్ వచ్చాక అందులో సగం చెప్పకుండానే సమయం అయిపోయేది.

చార్టక్కకు ఇంకెవరూ లేరని కాదు. వేరే ఊళ్లో తమ్ముడున్నాడు. ఫోన్ చేస్తే మరదలు తీసి, "ఉండండి వదినా, ఆయన్ని పిలుస్తా" అంటుంది. తమ్ముడు వచ్చి, "ఆ అక్కా, ఏంటి విశేషం?" అంటాడు. విశేషం లేకపోతే ఫోన్ అక్కడితో సరి. ఆమె ఉండేది ఒక మేడ మీద రెండు గదుల్లో. తండ్రిని చూసుకుంటూ పెళ్లి మాట వాయిదా వేసింది. ఆయన పోయేనాటికి వాయిదా వేయడానికి ఆ మాటే మిగల్లేదు. ఎందుకు చేసుకోలేదని దెప్పేవాళ్లు కూడా దెప్పడం మానేశారు. ఇంట్లో ఒక పళ్లెం, ఒక గ్లాసు ఎప్పుడూ తడిగా ఉంటాయి. మిగతావి అలమారాలో పొడిగా ఉంటాయి.

ఇలా ఉండగా ఒక శాఖలో గుమాస్తా ఎవరో మెయిల్లో వచ్చిన ఫైలు తెరిచి, ఏమీ చూసుకోకుండా పసుపు పట్టీ నొక్కాడు. అది చార్టక్క పంపింది కాదు, ఎవడో దొంగ పంపింది. మర్నాటికి ఆ శాఖలో కంప్యూటర్లన్నీ మొరాయించాయి. రోగులను చీటీల మీద రాసుకుని చూడాల్సి వచ్చింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, నష్టమంతా అయ్యాక పైనుంచి ఉత్తర్వు దిగింది. వచ్చే నెల నుంచి ఏ కంప్యూటరులోనూ పసుపు పట్టీ రాదు, అడగడం ఉండదు. డిజిటల్ సంతకం ఉన్న మాక్రో నడుస్తుంది, లేనిది నడవదు. అంతే.

ఆ ఉత్తర్వు పట్టుకుని సిస్టమ్స్ విభాగం ఆయన మెట్ల కింద గదికి వచ్చాడు. కనబడిన ప్రతిదానికీ పాస్‌వర్డు పెడతాడని ఆసుపత్రిలో ఆయన్ని తాళంకప్ప అంటారు. ఆ పేరు ఆయనకూ తెలుసు, పెద్దగా పట్టించుకోడు. చార్టక్క చేతిసంచి తీసి కింద పెట్టింది. ఆయన రెండో కుర్చీలో కూర్చున్నాడు.

"మీ ఫైలుకి సంతకం కావాలి మేడమ్. కాగితం మీద సంతకం కాదు. మీ కంప్యూటర్లో ఒక సర్టిఫికెట్ ఉంటుంది. దాంతో మాక్రోకి సీలు వేస్తాం. ఇది ఫలానా ఆవిడే రాసింది, ఆ తర్వాత ఎవరూ ఒక్క అక్షరం కూడా మార్చలేదు అని దానికర్థం. ఎవరైనా చెయ్యి పెట్టారా, సీలు ఊడిపోతుంది."

"సర్టిఫికెట్ నేనే తయారుచేసుకోవచ్చని చదివానండీ. నిన్న చేశాను కూడా. ఇక్కడ బాగానే నడుస్తోంది."

తాళంకప్ప నవ్వాడు. "మీ కంప్యూటర్లో ఎందుకు నడవదు? కాకిపిల్ల కాకికి ముద్దు. మిమ్మల్ని మీరే మంచివారని రాసుకున్నారు, మీ కంప్యూటరు ఒప్పుకుంది. అవతలి కంప్యూటరు ఎందుకొప్పుకుంటుంది? నేనెవరినో నేనే చెబితే చెల్లదు మేడమ్. అందరూ నమ్మేవాడు ఒకడు మధ్యలో నిలబడి చెప్పాలి."

"ఎవరు చెప్పాలి?"

"ఆసుపత్రి చెబుతుంది. మీ పేరు మీద అసలు సర్టిఫికెట్ తెప్పిస్తాను. తర్వాత శాఖలన్నిటిలోనూ నమ్మదగిన ప్రచురణకర్తల జాబితా అని ఉంటుంది, ఫైళ్లు రాసి పంపేవాళ్లను అలా అంటారు, అందులో మీ పేరు ఎక్కిస్తాను. ఇక చూడండి, మీ ఫైలు తలుపు తట్టక్కర్లేదు. సరాసరి లోపలికి. ఎవరూ ఏమీ అడగరు."

"ఎవరూ ఏమీ అడగరా?"

"ఒక్కరు అడిగితే నన్నడగండి. మీకీ ఫోన్ల గోల తప్పుతుంది. నెలాఖర్లో ఫోను పట్టుకునే ఉంటారట కదా, పాపం."

ఆయన వెళ్లాక చార్టక్క చేతిసంచిని మళ్లీ కుర్చీలో పెట్టింది. సర్టిఫికెట్‌కు వివరాలు ఇవ్వమని ఆయన పెట్టిన మెయిలుకు ఆ వారం జవాబు ఇవ్వలేదు. రెండోసారి పెట్టాడు. గుర్తింపు కార్డు ఇంట్లో మర్చిపోయానని రాసింది. కార్డు మెడలోనే ఉంది. ఆ నెలకు పాత పద్ధతి ఇంకా ఉంది కాబట్టి, తను తయారుచేసుకున్న కాకి సంతకమే పెట్టి ఫైలు పంపేసింది.

మధ్యాహ్నం ఫోను మోగింది.

"వదినా! కామెర్లకు తోడు ఇంకేదో కూడా వచ్చింది. ఇందులో నీ పేరుందే!"

"అవును, సంతకం."

"ఇంత పొడుగు పేరా నీది! ఇన్నేళ్ల నుంచీ మాట్లాడుతున్నాం, ఇదన్నమాట నీ పేరు. బావుంది. మీ నాన్నగారు పెట్టారా?"

"నాన్నే."

"దాని కింద ఏదో రాసింది, ఉండు చదువుతా. ఈ సంతకం ఎవరిదో రూఢి చేయలేకపోయాం, ఈవిడను నమ్మవచ్చని చెప్పలేం అంటోంది. ఏం చేశావే తల్లీ? ఎవరి కొంపలు ముంచావు?"

చార్టక్క కడుపు పట్టుకుని నవ్వింది. లాండ్రీ వైపు వెళుతున్న ఆయా ఒకామె గది ముందు ఆగి వింతగా చూసి పోయింది.

"నమ్మమంటావా మరి?" అంది వదిన.

"నమ్ము. కానీ వచ్చే నెల నుంచి ఇది రాదు."

"ఏది రాదు?"

"పచ్చపట్టీ. దానంతట అదే తెరుచుకుంటుంది. అడగదు."

"హమ్మయ్య, బతికించావు. నాకు ఒక పని తగ్గింది." వదిన వెంటనే ఇంకో మాటలో పడిపోయింది. వార్డులో ఎవరో పిలిస్తే, "వస్తున్నానమ్మా వస్తున్నా, రెక్కలున్నాయా నాకు" అని అరిచి ఫోన్ పెట్టేసింది.

ఒక పని తగ్గింది. చార్టక్క ఆ మాటను ఇంటిదాకా మోసుకెళ్లింది. అందులో తప్పేముంది, నిజమే కదా అనుకుంది. తగ్గింది పనే కదా అనుకుంది. మర్నాడు గుర్తింపు కార్డు వివరాలు పంపింది.

సర్టిఫికెట్ వచ్చింది. తాళంకప్ప తన మాట నిలబెట్టుకున్నాడు. మొదటి నెల చార్టక్క ఫైలు పంపి, ఎందుకైనా మంచిదని డబ్బాలో అన్నం తొందరగా తినేసి, ఫోను పక్కన కూర్చుంది. శాఖలన్నీ ఫైలు తెరిచాయని, చార్టులు పడ్డాయని తన తెరమీద వరసగా కనబడుతూనే ఉంది. ఊరి అవతలి కొసన ఉన్న శాఖ కూడా తెరిచింది. ఫోను మోగలేదు. ఒకసారి ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని చూసింది. పనిచేస్తూనే ఉంది.

సాయంత్రం తాళంకప్ప దారిలో ఎదురుపడి, "ఒక్క కంప్లైంటు లేదు మేడమ్! మీ పని నల్లేరు మీద నడక" అన్నాడు. ఆమె థాంక్స్ చెప్పింది.

రెండో నెల కూడా అంతే. ఫైలు తెరుచుకున్న కాసేపటికి ఆమే ఉండబట్టలేక వదిన శాఖకు ఫోన్ చేసింది. ఇన్నేళ్లలో తను చేయడం అదే మొదలు. అంకెలు ఒకసారి తప్పు నొక్కి మళ్లీ నొక్కింది.

"హలో, వదినా, నేను."

"ఏమైంది? చార్టులో తప్పు పడిందా?" వదిన గొంతు గాభరాగా ఉంది. "గోడకి అంటించేశాను కూడా!"

"లేదు లేదు. తప్పేం లేదు."

"మరి?"

"ఊరికే చేశాను."

"ఊరికేనా?" కొంచెంసేపు వార్డు చప్పుళ్లు వినబడ్డాయి, ట్రాలీ చక్రాలు, ఎవరిదో దగ్గు. "ఒంట్లో బావుందా?"

"బావుంది. నువ్వెట్లా ఉన్నావు?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా. వదినా, ఏమీ అనుకోకు, ఇక్కడ ఒకామెకు సెలైన్ అయిపోవస్తోంది. మళ్లీ చేస్తానే."

మళ్లీ చేయలేదు. చేస్తుందని చార్టక్క కూడా గట్టిగా అనుకోలేదు. కామెర్ల మాట మొదట అనుకుంటే తప్ప ఆ తర్వాతి మాటలు రావని ఆమెకు అర్థమైంది. తమ్ముడు అడిగే విశేషం లాంటిదే అదీ. కాకపోతే ఇన్నాళ్లూ ఆ విశేషాన్ని నెలనెలా కంప్యూటరే తెచ్చి ఇచ్చింది. కంప్యూటరు నోరు మూయించింది తనే.

మూడో నెల ఫైలు తయారైంది. పంపే ముందు ఆమె చాలాసేపు తెరను చూస్తూ కూర్చుంది. అన్ని శాఖలకూ పంపేసింది, ఒక్క శాఖకు తప్ప. ఆ ఒక్క శాఖకు వెళ్లాల్సిన ఫైల్లో సంతకం చూపించే చిన్న పెట్టె తెరిచింది. అందులో తన పొడుగు పేరు ఉంది. కింద తొలగించు అని మీట ఉంది. నొక్కింది. పేరు పోయి, సంతకం లేదు అన్న మాట మిగిలింది. ఒక్క ఫోనే కదా, అనుకుంది. అడగ్గానే సంతకం పెట్టి వెంటనే ఇంకో ఫైలు పంపేస్తాను, ఈలోపు నాలుగు మాటలు. ఎవరికీ ఏ నష్టమూ లేదు. అలా అనుకుంటూనే పంపింది.

మధ్యాహ్నం ఫోను మోగలేదు. సాయంత్రం దాకా మోగలేదు. చార్టు పడితేనే తెరమీద కనబడుతుంది, ఆ శాఖ వరస ఖాళీగానే ఉంది. వదినకు ఇవాళ తీరిక లేదేమో, ఫైలు రేపు తెరుస్తుందేమో అనుకుంటూ ఆమె సంచి భుజాన వేసుకుని ఇంటికి పోయింది.

పొద్దున్నే తాళంకప్ప గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఈసారి కూర్చోలేదు.

"ఆ చివరి శాఖకు వెళ్లిన ఫైలుకి సంతకం లేదు మేడమ్."

"అలాగా," అంది చార్టక్క. "నాకు ఫోన్ చేయలేదే వాళ్లు."

"మీకెందుకు చేస్తారు? సంతకం లేని ఫైలు వస్తే మాకే చెప్పమన్నాం. ప్రతి శాఖలోనూ కంప్యూటరు పక్కన కాగితం అంటించాం కదా. పంపినవారికి ఫోన్ చేయవద్దు అని పెద్ద అక్షరాల్లో. పంపినవాడే దొంగైతే, వాడినే అడిగితే ఏం చెబుతాడు? నమ్మమనే చెబుతాడు."

ఆ కాగితం చార్టక్క గదికి రాలేదు. ఆమె పంపేవాళ్లలో ఉంది కానీ, అందుకునేవాళ్లలో లేదు.

"నిన్న సాయంత్రం హెడ్ నర్సే కంప్లైంటు రాసింది. మావాళ్లు ఇంటికెళ్లిపోయారు, ఇవాళ చూశాం. పాపం ఆవిడ రాత్రికి రాత్రి చేత్తో చార్టు వేసుకుందట. మీ కంప్యూటర్లో సేవ్ చేస్తే సంతకం దానంతట అదే పడుతుంది. ఊరికే పోదు మేడమ్."

తాళంకప్ప ఆమె ముఖంలోకి చూశాడు, తర్వాత మూసి ఉన్న కిటికీ వైపు చూశాడు.

"పోతుంది లెండి, ఒక్కోసారి," అన్నాడు. "కంప్యూటర్లు కదా. మళ్లీ పెట్టి పంపించండి."

పెట్టి పంపింది. తెరుచుకుందని తెరమీద చూసింది. పూట సెలవు రాసిచ్చి బయల్దేరింది. రెండు బస్సులు మారి, రోడ్డు మీద ఒకరిద్దరిని దారి అడిగి, ఊరి అవతలి కొసన ఉన్న ఆసుపత్రి మెట్లెక్కేసరికి మధ్యాహ్నం దాటింది.

వార్డు మొదట్లో బల్ల దగ్గర ఒక బక్కపలచటి మనిషి నిలబడి ముగ్గురితో ఒకేసారి మాట్లాడుతోంది. గొంతు విన్నాక గానీ చార్టక్కకు అనుమానం తీరలేదు. ఇన్నేళ్లూ ఆమె వదినను లావుగా, పొడుగ్గా, పెద్ద ముడి వేసుకున్న మనిషిగా ఊహించుకుంది.

"ఎవరు కావాలమ్మా? చూసే వేళ కాదు, నాలుగు దాటాక రండి."

"వదినా, నేను. చార్టు గది."

వదిన చేతిలో ఉన్న మందుల ట్రే బల్ల మీద పెట్టింది. తల నుంచి కాలి దాకా చూసింది. "నువ్వా! ఇంతేనా నువ్వు!" అంది. నవ్వబోయింది కానీ, అలసట నవ్వును మధ్యలోనే పట్టేసింది. కళ్ల కింద నీలంగా ఉంది. "రా, ఇటు కూర్చో. కాళ్లు పడిపోతున్నాయి నాకు."

నడవాలో గోడవార బెంచీ మీద కూర్చున్నారు. వదిన చెప్పులు విప్పి ఒక పాదం ఒత్తుకుంది.

"నిన్న నా ప్రాణం తోడేశారే. ఫైలు తెరుచుకోలేదు. కాగితం మీద గళ్లు గీసి ఎన్నేళ్లయింది! ఎవరు ఏ రాత్రి చేశారో నాకేం గుర్తు? ఆ చంటిపిల్ల తల్లి ఉంది చూడు, ముందు రాత్రే డ్యూటీ చేసింది, ఇంట్లో ఉండాల్సింది, దానికే మళ్లీ రాత్రి వేశాను. ఏడ్చింది. ఏడుస్తూనే చేసింది. పొద్దున్న దాని మొగుడు పిల్లను ఎత్తుకొచ్చి ఇదిగో, ఈ బెంచీ మీదే కూర్చున్నాడు."

చార్టక్క తను కూర్చున్న చోటు చూసుకుంది.

"సంతకం ఊడిపోలేదు వదినా," అంది. "నేనే తీసేశాను."

"తీసేశావా?"

"నువ్వు ఫోన్ చేస్తావని."

వదిన పాదం ఒత్తుకోవడం ఆపింది. నడవాలో ఒక ట్రాలీ వచ్చి, వాళ్ల మోకాళ్లను రాసుకుంటూ పోయింది. తిడుతుందనుకుంది చార్టక్క. తిడితే బాగుండుననుకుంది.

"పిచ్చిదానా," అంది వదిన చివరికి, మెల్లగా. "ఆ పిల్లకి నేనేం చెప్పను ఇప్పుడు?"

"నేను చెబుతాను."

"వద్దు. నువ్వు చెబితే దానికి మళ్లీ రాత్రి తిరిగొస్తుందా?" వదిన చెప్పులు వేసుకుంది, లేవలేదు. "ఇదిగో, నిజం చెబుతా విను. వచ్చే నెల నుంచి నేనే ఫోన్ చేస్తాలే అని నీకు తీపిమాట చెప్పొచ్చు. చేయను. నాకు తెలుసు నా సంగతి. పని అడ్డం పడితే తప్ప నాకు మనిషి గుర్తురాదు. సొంత చెల్లెలే నాతో మాట్లాడ్డం మానేసింది, రోగం వస్తే తప్ప పలకవని. నీ మీద ఇష్టం లేక కాదు. నేను ఇంతే."

"తెలుసు."

"తెలిస్తే ఇలా చేస్తావా?"

లోపలినుంచి ఎవరో "సిస్టర్!" అని కేకేశారు. వదిన లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "టీ తాగి వెళ్లు, కింద బావుంటుంది," అంది. ఇంకేదో అనబోయి, మళ్లీ కేక వినబడితే లోపలికి పోయింది. తలుపు అటూ ఇటూ ఊగి ఆగింది.

చార్టక్క కిందికి దిగి టీ తాగింది. బాగానే ఉంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పక్కన కూర్చున్నావిడ, "మీరెక్కడ దిగుతారు?" అని అడిగింది. చెప్పింది. ఆవిడ అంతకుముందే దిగిపోయింది.

తర్వాతి నెలాఖరుకు చార్టక్క ఫైలు పూర్తి చేసి, సంతకం సరిగా పడిందో లేదో చూడమని తాళంకప్పకు ఫోన్ చేసింది. ఒకటి రెండు కొత్త నియమాలు పడ్డాయి, చంటిపిల్లల తల్లుల పాత నియమం ఇంకొంచెం గట్టిపడింది. ఆయన తన బల్ల దగ్గర కూర్చునే, నెట్‌వర్కులో ఆమె తెరను చూస్తూ అన్నాడు.

"మేడమ్, ఒకటి అడగాలి. ఈ సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది. అది తీరిపోయిందంటే దాంతో పెట్టిన సంతకాలు కూడా చెల్లవు. ఫైళ్లు ఆగిపోతాయి, అందరూ మళ్లీ ఫోన్లు మొదలుపెడతారు. కాకపోతే సంతకం పెట్టేటప్పుడే దాని మీద సమయం ముద్ర కూడా వేయించుకోవచ్చు. గడువు ఉన్న రోజునే పెట్టారని బయటినుంచి సాక్ష్యం అన్నమాట. అది పడితే గడువు తీరినా సంతకం చెల్లుతుంది. మీరు రిటైరైపోయినా సరే, ఈ మాక్రోని ఎవరూ కెలక్కపోతే ఇలాగే తెరుచుకుంటూ ఉంటుంది. మీరెవరో కూడా ఎవరూ అడగరు. పెట్టమంటారా?"

చార్టక్క ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకుంది. గోడ అవతల లాండ్రీ యంత్రం గిరగిరా తిరుగుతోంది.

"మేడమ్? ఉన్నారా?"

"ఉన్నాను," అంది. "పెట్టండి."